కొండ ఎక్కమంటే చాలదు, మెట్లూ చూపించాలి

(మహిళల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగం)



ఈ పూట మన కబుర్లు పదమూడేళ్ళకూ పద్ధెనిమిదేళ్ళకూ మధ్య ఉన్న పిల్లల గురించి. వీళ్ళు చిన్నపిల్లలు కారు, అలాగని పెద్దవాళ్ళూ కారు. అన్నం కలిపి పెట్టబోతే "నేనేం పసిపిల్లనా?" అంటారు. ఏదైనా బాధ్యత అప్పగిస్తే "నాకేం తెలుసు, చిన్నదాన్ని కదా" అని తప్పుకుంటారు. సరిగ్గా ఈ వయస్సులోనే మనం వాళ్ళను పదిమందిలో నిలబెట్టి "పెద్దయ్యాక ఏమవుతావు?" అని అడుగుతాం. వాళ్ళు నోరు తెరిచేలోగా జవాబు మనమే చెప్పేస్తాం. "మా వాడు డాక్టరండీ", "మా అమ్మాయిని కలెక్టర్ని చేయాలండీ" అని.

అలా కోరుకోవడం తప్పు కాదు. కన్నబిడ్డ మీద ఆశ పెట్టుకోని తల్లి ఉంటుందా? అయితే ఆశ పెట్టుకోవడం వేరు, ఆ ఆశను అందుకునే శక్తి బిడ్డకు కలిగించడం వేరు. మొదటిది నోటితో అయిపోయే పని. రెండోది రోజూ ఓపికగా చేయవలసిన పని. ఆ రెండో పనిని గురించే ఈవేళ నాలుగు మాటలు చెప్పుకుందాం.

పెద్దల నమ్మకానికి ఉన్న బలం

అసలు మనం పిల్లల మీద పెట్టుకునే నమ్మకానికి అంత శక్తి ఉందా అని కొందరికి సందేహం రావచ్చు. ఈ సందేహం తీర్చుకోవడానికి అమెరికాలో రాబర్ట్ రోసెంతాల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, లెనోర్ జేకబ్‌సన్ అనే స్కూలు ప్రిన్సిపాలు కలిసి ఒక ప్రయోగం చేశారు. ఆ వివరాలు 1968లో పుస్తకంగా వచ్చాయి. వాళ్ళు ఒక ప్రాథమిక పాఠశాలలో పిల్లలకు పరీక్ష పెట్టి, ప్రతి అయిదుగురిలో ఒకరి పేరు చొప్పున టీచర్లకు ఒక జాబితా ఇచ్చారు. "ఈ సంవత్సరం ఈ పిల్లలు చదువులో బాగా పైకి వస్తారు, చూడండి" అన్నారు. నిజానికి ఆ పేర్లు చీట్లు తీసినట్టు ఏదో ఒక వరసన తీసినవే. ఆ పిల్లల్లో ప్రత్యేకత ఏమీ లేదు. అయినా సంవత్సరం తిరిగేసరికి ఒకటో తరగతి, రెండో తరగతి పిల్లల్లో జాబితాకెక్కినవాళ్ళు మిగతావాళ్ళకంటే బాగా ముందుకు వెళ్ళారు. పై తరగతుల్లో మాత్రం అంత తేడా కనబడలేదు. ఈ ప్రభావం మొదట అనుకున్నంత పెద్దది కాదని తరువాతి పరిశోధకులు కొందరు అన్నారు. కాని అసలు లేదని కొట్టిపారేయడానికి వీల్లేకపోయింది.

ఇందులో మంత్రం ఏమీ లేదండీ. ఒక బిడ్డకు వస్తుందని నమ్మినప్పుడు మనకు తెలియకుండానే మన ప్రవర్తన మారుతుంది. వాళ్ళతో మాట్లాడేటప్పుడు మొహం ప్రసన్నంగా ఉంటుంది. కాస్త కష్టమైన విషయం కూడా చెబుతాం. ప్రశ్న అడిగితే జవాబు కోసం ఆగుతాం. తప్పు చేస్తే ఎక్కడ తప్పిందో విడమరిచి చెబుతాం. రాదని ముందే తీర్మానించుకున్న బిడ్డ దగ్గర ఈ నాలుగూ మానేస్తాం. "సరేలే, నీకెందుకు" అని వదిలేస్తాం. బిడ్డ వెనకబడేది ఆ వదిలివేత వల్లనే. కనుక పెద్దల నమ్మకం పనిచేసేది మాట రూపంలో కాదు, సమయం రూపంలో, శ్రద్ధ రూపంలో. "మా వాడు ఐ.ఐ.టి.కి వెళతాడు" అని ఊరంతా చెప్పి, వాడితో పావుగంట కూర్చోని ఇంట్లో నమ్మకం ఉన్నట్టు లెక్క కాదు.

భువనగిరి బండ నుంచి ఎవరెస్టు దాకా

దీనికి మన దగ్గరి ఉదాహరణ ఒకటి చెబుతాను. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామానికి చెందిన మాలావత్ పూర్ణ పేరు మీరంతా వినే ఉంటారు. గిరిజన కుటుంబంలో, వ్యవసాయప్పనులు చేసుకునేవాళ్ళ ఇంట పుట్టిన పిల్ల. తాడ్వాయిలోని సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలలో చదివింది. 2014 మే 25వ తేదీన, పద్నాలుగేళ్ళు నిండకుండానే, ఎవరెస్టు శిఖరం ఎక్కింది. ఆ వయస్సులో ఎవరెస్టు ఎక్కిన ఆడపిల్ల అంతవరకూ లేదు. ఆమెతోపాటు ఖమ్మం జిల్లా నుంచి వచ్చిన సాధనపల్లి ఆనంద్‌కుమార్ అనే గురుకుల విద్యార్థి కూడా ఎక్కాడు.

ఈ వార్త విన్నప్పుడు మనం "అబ్బ, ఎంత ధైర్యం!" అని ముక్కున వేలేసుకుంటాం. అక్కడితో వదిలేస్తాం. కాని తల్లులుగా మనం చూడవలసింది ఆఖరి రోజును కాదు, దాని ముందు జరిగినదాన్ని. ఆ పిల్లను ఎవరూ ఒక్కసారిగా తీసుకెళ్ళి మంచుకొండ ముందు నిలబెట్టి "ఎక్కు" అనలేదు. అప్పట్లో గురుకులాల సంస్థకు కార్యదర్శిగా ఉన్న ఐ.పి.ఎస్. అధికారి ఆర్.ఎస్. ప్రవీణ్‌కుమార్ పేద పిల్లలకు చదువుతోపాటు సాహస క్రీడలు కూడా అందాలని తలపెట్టారు. పర్వతారోహణ శిక్షకుడు శేఖర్‌బాబు ఆధ్వర్యంలో మొదట భువనగిరి కొండ మీద తాడు పట్టుకుని బండ ఎక్కడం నేర్పారు. భువనగిరి కొండను చూసినవాళ్ళకు తెలుసు, నున్నటి ఏకశిల అది. అక్కడ నిలదొక్కుకున్న పిల్లల్ని డార్జిలింగులోని హిమాలయ పర్వతారోహణ సంస్థకు పంపారు. అక్కడ పదిహేడు వేల అడుగుల ప్రాంతంలో ఉండే రెనాక్ శిఖరం ఎక్కించారు. ఆ తరువాత చలికి తట్టుకోగలరా లేదా అని చలికాలంలో లదాఖ్ తీసుకెళ్ళారు. చాలామందితో మొదలైన ఆ వడపోతలో చివరికి మిగిలింది ఇద్దరు. ఆ ఇద్దరూ టిబెట్టు వైపు నుంచి ఎక్కారు. ఎందుకంటే నేపాల్ వైపు నుంచి పదహారేళ్ళలోపు పిల్లలకు అనుమతి లేదు.

ఇందులో మనం గ్రహించవలసిన సంగతులు మూడున్నాయి. మొదటిది, శిఖరం పెద్దదే అయినా మెట్టు చిన్నది. బండ, తరువాత చిన్న శిఖరం, తరువాత చలి, ఆ తరువాతే ఎవరెస్టు. రెండోది, ప్రతి మెట్టు మీదా ఆ పని తెలిసిన మనిషి పక్కన ఉన్నాడు. మూడోది, ముందు మెట్టు దాటినవాళ్ళనే తరువాతి మెట్టుకు పంపారు. ఆగిపోయిన పిల్లలు చేతకానివాళ్ళు కారు. అంతవరకు నేర్చుకున్న ధైర్యం వాళ్ళతోనే ఇంటికి వెళ్ళింది.

పూర్ణ అక్కడితో ఆగలేదు. ఒక్కొక్క ఖండంలోని ఎత్తైన శిఖరాన్నీ ఎక్కుతూ వచ్చి, 2022 జూన్‌లో ఉత్తర అమెరికాలోని డెనాలీ ఎక్కడంతో ఏడు ఖండాల శిఖరాలూ పూర్తి చేసింది. అంటే మొదటిదానికీ చివరిదానికీ మధ్య ఎనిమిదేళ్ళు! ఈ ఎనిమిదేళ్ళ సంగతి పిల్లలకు తప్పకుండా చెప్పాలి. ఈనాటి పిల్లలకు గెలుపు కనిపిస్తుంది గాని అది పట్టిన కాలం కనిపించదు.

చుక్కలు పెట్టకుండా ముగ్గు రాదు

అయితే మన పిల్లలందరూ ఎవరెస్టు ఎక్కనక్కరలేదు. పదో తరగతిలో లెక్కలు గట్టెక్కడమే కొందరికి ఎవరెస్టు. అక్కడా పద్ధతి ఇదే.

"బాగా చదువుకో", "కష్టపడు", "నీకు చేతనైనంత చెయ్యి" అని రోజూ చెబుతూంటాం. ఇవి దీవెనలే గాని లక్ష్యాలు కావు. లక్ష్యాలను గురించి ఏళ్ళ తరబడి పరిశోధించిన ఎడ్విన్ లాక్, గ్యారీ లేథమ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు తేల్చింది ఇదే. ఫలానా పని, ఫలానా రోజులోగా అని స్పష్టంగా ఉన్న లక్ష్యం, అందులోనూ కాస్త కష్టమైనది, "చేతనైనంత చెయ్యి" అన్నదానికంటే మంచి ఫలితం ఇస్తుంది. అయితే దానికి షరతులున్నాయి. ఆ లక్ష్యాన్ని మనిషి తనదిగా ఒప్పుకోవాలి. అందుకు కావలసిన శక్తి, సాధనం ఉండాలి. ఎంతవరకు వచ్చామో మధ్యమధ్య తెలుస్తూండాలి. ఇంకొకటి కూడా వాళ్ళు చెప్పారు. పని కొత్తదై, ఇంకా చేతకానప్పుడు "ఇన్ని మార్కులు తేవాలి" అనేకంటే "ఈ పద్ధతి నేర్చుకోవాలి" అని పెట్టుకోవడం మేలు.

ఒక పదో తరగతి అమ్మాయి ఉందనుకోండి. త్రైమాసిక పరీక్షల్లో లెక్కల్లో వందకు నలభై వచ్చాయి. నాన్నగారు కాగితం చూసి, "సంవత్సరాంతానికి తొంభై రావాలి, ఏమనుకున్నావో!" అని లేచి వెళ్ళిపోయారు. తొంభై అన్నది మంచి కోరికే. మరి నలభైకీ తొంభైకీ మధ్య ఏముంది? ఆ పిల్లకు తెలియదు. అప్పుడు తల్లి దగ్గర కూర్చుని అడగాలి.

"ఏ పాఠం దగ్గర ఆగిపోతున్నావమ్మా?"

"త్రికోణమితి అంతా గందరగోళంగా ఉందమ్మా."

"అంతానా? ఏదీ, పుస్తకం తియ్యి. ఈ మొదటి లెక్క వచ్చా?"

"ఇది వచ్చు."

"దీని తరువాతది?"

"ఇదీ వచ్చు. ఇదిగో, ఈ ఎత్తులు, దూరాలు కనుక్కునే లెక్కలే రావడం లేదు. బొమ్మ ఎలా గియ్యాలో తెలియదు."

చూశారా? "అంతా రాదు" అన్నది "బొమ్మ గియ్యడం రాదు" దగ్గరికి వచ్చింది. రోగం ఇంత అని తేలితే మందు వెతకవచ్చు. ఇప్పుడు లక్ష్యం ఏమిటంటే, వచ్చే ఆదివారంలోగా అలాంటి పది లెక్కలకు బొమ్మలు మాత్రం గియ్యాలి, జవాబు రాకపోయినా ఫరవాలేదు. ఆపై వారం వాటికి జవాబులు. ఎవరు చెబుతారు? లెక్కల మాస్టారిని అడిగి సాయంత్రం పావుగంట చెప్పించుకోవాలి, లేదా పక్కింట్లో ఇంటర్ చదివే అక్కయ్య దగ్గర కూర్చోవాలి. త్రికోణమితి తరువాత శ్రేఢులు, వర్గ సమీకరణాలు, ఇలా వరసగా. సంవత్సరాంతానికి తొంభై రావచ్చు, డెబ్భై అయిదు రావచ్చు. కాని నలభై దగ్గర మాత్రం ఆ పిల్ల ఉండదు.

ముగ్గు వేసేవాళ్ళం మనకు ఈ సంగతి ఒకరు చెప్పాలా? ఇరవై చుక్కల ముగ్గైనా సరే, ముందు చుక్కలు పెట్టుకుంటాం. మధ్య చుక్క తప్పితే అక్కడే చెరిపి దిద్దుకుంటాం, ముగ్గంతా అయ్యాక కాదు. పిల్లల చదువూ అంతే.

దీనికి సాధనం కూడా మన ఇంట్లోనే ఉంది. పాలవాడి లెక్క వేసుకునే గోడ క్యాలెండరు! దాని మీద పిల్ల తన చేత్తో తానే ఆ రోజు చేసిన పని గుర్తు పెట్టుకోవాలి. మనం పెట్టకూడదు. ఆదివారం పూట పదినిమిషాలు కూర్చుని ఆ గుర్తులు చూడాలి. చేయని రోజులకు కారణం అడగాలి గాని తిట్టకూడదు. ఒంట్లో బాగాలేకనా, పెళ్ళికి వెళ్ళడం వల్లనా, లెక్క అర్థంకాకనా? ఒక్కోదానికి ఒక్కో ఉపాయం ఉంటుంది. తిట్లకు జడిసి పిల్లలు అబద్ధపు గుర్తులు పెట్టడం మొదలుపెడితే క్యాలెండరు ఉండీ ఏం లాభం?

ఒక మాట. పైన చెప్పిన సంభాషణలో తల్లికి త్రికోణమితి రానక్కరలేదు. గమనించారా? "ఇది వచ్చా? తరువాతది వచ్చా? చూపించు" అని అడగడానికి చదువు అవసరం లేదు, ఓపిక కావాలి. "మాకేం చదువు వచ్చండీ, మేమేం చెప్పగలం" అనే తల్లులు ఈ విషయం గట్టిగా గుర్తుంచుకోవాలి. మీరు పాఠం చెప్పనక్కరలేదు. మీకు పాఠం చెప్పించుకోండి. "నాకు అర్థమయ్యేట్టు చెప్పవే" అనండి. ఎదటివాళ్ళకు చెప్పేటప్పుడే తనకు ఎంత వచ్చో, ఎక్కడ రాదో బిడ్డకు తెలిసిపోతుంది.

మెచ్చుకోవడంలో, దిద్దడంలో మెలకువ

మంచి మార్కులు తెస్తే "నీది పాదరసం లాంటి బుర్ర" అని మురిసిపోతాం. దీన్ని గురించి అమెరికాలో కేరల్ డ్వెక్, క్లాడియా మ్యూలర్ అనే శాస్త్రవేత్తలు 1998లో ప్రచురించిన పరిశోధన ఒకటుంది. అయిదో తరగతి పిల్లలకు కొన్ని చిక్కుసమస్యలు ఇచ్చి, కొందరిని "తెలివైనవాళ్ళు" అని, మరికొందరిని "బాగా కష్టపడ్డారు" అని మెచ్చుకున్నారు. తెలివిని పొగిడించుకున్న పిల్లలు తరువాత తేలిక లెక్కలే కోరుకున్నారు. మధ్యలో ఒకసారి బాగా కష్టమైనవి ఇచ్చి ఓడిపోనిస్తే, ఆ తరువాత మామూలు లెక్కల్లో కూడా వెనకబడ్డారు. కష్టాన్ని పొగిడించుకున్న పిల్లలు ఓటమి తరువాత ఇంకా పట్టుదలగా చేశారు. కారణం ఊహించవచ్చు. తెలివి ఉందని పేరు వచ్చాక, తప్పు చేస్తే ఆ పేరు పోతుందని భయం. కష్టానికి పేరు వస్తే, ఇంకాస్త కష్టపడితే సరిపోతుందనే ధైర్యం.

కనుక "ఈ లెక్క ఎలా చేశావురా? రెండుసార్లు తప్పినా వదలకుండా చేశావే!" అనండి. చేసిన పనిని పేరు పెట్టి మెచ్చుకోండి. అలాగని చేయని కష్టానికి మెచ్చుకోలు అక్కరలేదు. ఈ వయస్సు పిల్లలు ఉత్త పొగడ్తను ఇట్టే పసిగడతారు.

ఇక తప్పు దిద్దడం. కొందరు బిడ్డ నొచ్చుకుంటుందని అసలు తప్పే చూపించరు. కొందరు చూపించినప్పుడల్లా మనస్సు చివుక్కుమనేట్టు మాట్లాడతారు. ఈ రెంటికీ మధ్య దారి ఉంది. 2014లో డేవిడ్ యేగర్ బృందం అమెరికాలో ఏడో తరగతి పిల్లల వ్యాసాలు తీసుకుని, టీచర్లు దిద్దిన కాగితాలకు చిన్న చీటీ జతచేసింది. కొందరి చీటీలో ఏదో మామూలు మాట ఉంది. మిగతావాళ్ళ చీటీలో మాత్రం, "నీ దగ్గర నుంచి ఎక్కువ ఆశిస్తున్నాను, నువ్వు అది అందుకోగలవని నాకు తెలుసు, అందుకే ఇంతగా దిద్దాను" అనే అర్థం వచ్చే మాట ఉంది. ఈ రెండో చీటీ అందినవాళ్ళలో వ్యాసం తిరిగి రాసినవాళ్ళు ఎక్కువ. టీచర్లు తమను చిన్నచూపు చూస్తారేమోనన్న అనుమానం ఉండే నల్లజాతి పిల్లల్లో ఈ మార్పు మరీ ఎక్కువ.

ఎంత చిన్న మాట! మనం దిద్దేటప్పుడు పిల్లలకు రెండు సంగతులూ వినపడాలన్నమాట. పని ఇంకా బాగుండాలి. నువ్వు చేయగలవు. మొదటిది ఒక్కటే అంటే ఛీత్కారంలా ఉంటుంది. రెండోది ఒక్కటే అంటే ముఖస్తుతిలా ఉంటుంది.

కట్టుబాట్లకూ గడువు ఉండాలి

సెల్‌ఫోను సంగతి చెప్పకపోతే ఈ ప్రసంగం పూర్తి కాదు. 2016 రియో ఒలింపిక్స్‌లో పి.వి. సింధు బాడ్మింటన్‌లో వెండి పతకం గెలిచిన తరువాత, ఆమె కోచ్ పుల్లెల గోపీచంద్ ఒక విషయం బయటపెట్టారు. ఆ ముందు మూడు నెలలపాటు ఆమె దగ్గర ఫోను లేదట. పోటీ అయిపోయింది గనక మొట్టమొదట ఫోను తిరిగి ఇచ్చేస్తానన్నారు. ఇష్టమైన తిండి కూడా ఇక తినవచ్చన్నారు.

ఈ కథ చెప్పి ఫోను లాక్కునే తల్లిదండ్రులున్నారు. వాళ్ళు కథలో సగమే విన్నారు. ఆ నియమానికి కారణం ఉంది, గడువు ఉంది, గడువు తీరగానే తిరిగి ఇవ్వడం ఉంది. పైగా ఆ లక్ష్యం కోచ్‌ది ఎంతో సింధుదీ అంతే. మనం "పరీక్షలయ్యేదాకా రాత్రి ఎనిమిది నుంచి పది వరకు ఫోను బీరువాలో" అని చెబితే దానికీ ఒక న్యాయం ఉంటుంది. ఆ రెండు గంటలూ మన ఫోను, నాన్నగారి ఫోను కూడా బీరువాలో ఉంటే ఇంకా న్యాయం. పిల్ల చదువుతూంటే మనం సీరియల్ పెట్టుకుని కూర్చుంటే మాట చెల్లదు గదా.

ఆడపిల్లల లక్ష్యానికి అడ్డుపడేది

అబ్బాయిని "ఏమవుతావు?" అని అడిగే ఇంట్లో అమ్మాయిని "పది అయ్యాక చూద్దాంలే" అనడం ఇప్పటికీ ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల ప్రకారం, ఇరవై నుంచి ఇరవైనాలుగేళ్ళ మధ్య స్త్రీలలో పద్ధెనిమిదేళ్ళ లోపే పెళ్ళయిపోయినవాళ్ళు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 29 మంది, తెలంగాణలో నూటికి 23 మందికి పైగా ఉన్నారు. 2006లో బాల్యవివాహాల నిషేధ చట్టం వచ్చిన ఇన్నేళ్ళకు కూడా! ఆ పిల్లల్లో ఎంతమందికి ఎన్ని లక్ష్యాలు ఉండి ఉంటాయో ఎవరు అడిగారు?

పదో తరగతి అయ్యేలోపే అమ్మాయితో కూర్చుని పై మూడేళ్ళ దారి మాట్లాడి పెట్టుకుంటే, ఎవరైనా సంబంధం తెచ్చినప్పుడు చెప్పడానికి ఇంట్లో ఒక జవాబు సిద్ధంగా ఉంటుంది. "అమ్మాయి పాలిటెక్నిక్ చదువుతుందండీ, మూడేళ్ళు మాట్లాడకండి" అనవచ్చు. దారి తేలని పిల్ల తరఫున మాట్లాడడం తల్లికీ కష్టమే.

దారి ఒక్కటే కాదని కూడా పిల్లలకు తెలియాలి. పది తరువాత ఇంటర్ ఉంది, పాలిటెక్నిక్ డిప్లొమా ఉంది, ఐ.టి.ఐ. ఉంది. డిప్లొమా చేసినవాళ్ళు ఈసెట్ రాసి ఇంజనీరింగు రెండో సంవత్సరంలో చేరవచ్చు. చదువు మధ్యలో ఆగినవాళ్ళకు సార్వత్రిక విద్యాపీఠం ఉంది. ఇంట్లో మామయ్యో బాబాయో ఎవరో ఒక ఉద్యోగం చేస్తూంటారు. పిల్లను ఒక పూట వాళ్ళ దగ్గర కూర్చోబెట్టి ఆ పని ఎలా ఉంటుందో చూడనివ్వండి. నర్సు పని, బ్యాంకు పని, ఎలక్ట్రీషియను పని కళ్ళతో చూసిన పిల్ల కోరుకునే కోరికకు గట్టి పునాది ఉంటుంది.

ఆశ బరువైపోతే

చివరగా, మనస్సుకు కష్టమైనా చెప్పక తప్పని మాట. 2019 ఏప్రిల్‌లో తెలంగాణలో ఇంటర్మీడియెట్ ఫలితాలు వచ్చిన కొద్ది రోజుల్లోనే ఇరవైమందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారని పత్రికల్లో చదివాం. మార్కుల్లో పొరపాట్లు దొర్లాయని ఆనాడు పెద్ద ఆందోళన జరిగింది. పొరపాటు ఎవరిదైనా, ఒక కాగితం మీద అంకె చూసి తన బతుకే అయిపోయిందని ఒక బిడ్డ అనుకోవడం మాత్రం మనమంతా ఆలోచించవలసిన విషయం.

ఎక్కువ ఆశించడం వల్ల బిడ్డ కుంగిపోదు. ఆ ఆశ నెరవేరకపోతే ఇంట్లో తనకు చోటు ఉండదని అనుకున్నప్పుడు కుంగిపోతుంది. అందుకని ఫలితాలు వచ్చాక కాదు, ముందే చెప్పాలి. ఒకసారి కాదు, పదిసార్లు చెప్పాలి. "నువ్వు బాగా చదవాలని నేను గట్టిగా అంటాను. అది నీ చదువు గురించి. నువ్వు నా బిడ్డవు కావడానికి మార్కులతో పని లేదు" అని. ఫలితాల రోజున ఇంట్లో ఎవరో ఒకరు పిల్ల దగ్గరే ఉండాలి. చుట్టాలు ఫోను చేసి "ఎన్నొచ్చాయి?" అని అడిగితే జవాబు మనం చెప్పాలి, పిల్ల చేత చెప్పించకూడదు. తప్పితే సప్లిమెంటరీ పరీక్ష ఉంది. అంకె మీద అనుమానం ఉంటే తిరిగి లెక్కించమని అడిగే వీలు ఉంది. ఇవి ముందే తెలిసిన పిల్లకు ఆ రోజు గోడలా కాక గడపలా కనిపిస్తుంది.

పిల్ల నిద్రపోకపోయినా, తిండి మానేసినా, స్నేహితులతో మాట్లాడకుండా గదిలోనే ఉండిపోయినా, "నేను లేకపోతే మీకు హాయి" లాంటి మాట ఒక్కటి అన్నా, దాన్ని పొగరనీ నాటకమనీ కొట్టిపారేయకండి. పక్కన కూర్చుని, "చచ్చిపోవాలనిపిస్తోందా తల్లీ?" అని సూటిగానే అడగండి. అడగడం వల్ల ఆ ఆలోచన కొత్తగా పుట్టదు, దాచుకున్న బరువు దిగుతుంది. ఒంటరిగా వదలకండి. డాక్టరుకు చూపించండి. ప్రభుత్వం నడుపుతున్న టెలీ మానస్‌కు 14416 నంబరు మీద రాత్రనక పగలనక ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు. ఈ నంబరు వంటింట్లో క్యాలెండరు మీద రాసిపెట్టుకోండి. మన ఇంట్లో అవసరం పడకపోయినా పక్కింటివాళ్ళకు పడవచ్చు.

ఇంతకూ నేను చెప్పినదాని సారాంశం ఏమంటే, పిల్లల మీద ఆశ తగ్గించుకోమని కాదు. పెద్ద ఆశే పెట్టుకోండి. దాన్ని పిల్లతో కలిసి కూర్చుని ముక్కలు చేయండి. మొదటి ముక్క ఈ వారంలో అయిపోయేంత చిన్నదిగా ఉండాలి. చెప్పేవాళ్ళు ఎవరో వెతికిపెట్టండి. ఆదివారం ఆదివారం లెక్క చూసుకోండి. తప్పితే దిద్దండి, దిద్దేటప్పుడు నమ్మకం వినిపించండి.

ఈ రాత్రి భోజనాలయ్యాక, "ఏమవుతావు?" అన్న ప్రశ్న పక్కన పెట్టి, "ఈ వారం ఏం నేర్చుకోవాలని ఉంది?" అని అడిగి చూడండి. జవాబు రావడానికి కాస్త సమయం పడుతుంది. ఆగండి. తప్పకుండా వస్తుంది.